అబ్బాసీ ఖలీఫాల కింద గవర్నర్‌గా ఉన్న అహ్మద్ ఇబ్న్ తులూన్ ఈజిప్టుకు దాదాపు రాజు ఎలా అయ్యాడు?

ఒక్క ముక్కలో చెప్పాలంటే, ఖజానాను గుప్పిట్లోకి తెచ్చుకుని. 868లో వచ్చినప్పుడు ఆయన అసలు గవర్నర్ కూడా కాదు. ఆ పదవి దక్కిన తుర్కు సేనాని బాక్‌బాక్ ఇరాక్‌లోని ఖలీఫాల రాజధాని సమర్రా వదలకుండా, తన భార్య కొడుకైన ఇతణ్ణి తన బదులు పంపాడు.

పైగా పన్నుల వసూలు ఇబ్న్ అల్ ముదబ్బిర్ అనే వేరే అధికారిది. సైన్యం ఒకరి దగ్గర, డబ్బు ఇంకొకరి దగ్గర ఉంటే ఎవరూ ఎదురు తిరగలేరు కదా! ముదబ్బిర్ కానుకగా 10,000 దీనార్లు పంపితే ఇబ్న్ తులూన్ తిప్పి పంపేసి, బదులుగా అతని అంగరక్షకులను అడిగి తీసుకున్నాడని పాత చరిత్రకారులు రాశారు. నాకైతే మనిషి తెలివంతా అక్కడే కనిపిస్తుంది. కొన్నేళ్లకు ముదబ్బిర్‌ను ఈజిప్టు నుంచే సాగనంపాడు.

ఇక పన్ను డబ్బుతో బానిస సైనికులను కొన్నాడు, అల్ ఖతాయీ అనే కొత్త రాజధాని కట్టాడు. 879లో పూర్తయిన ఆయన మసీదు కైరోలో ఇప్పటికీ ఉంది. ఖలీఫా ప్రభుత్వం దక్షిణ ఇరాక్‌లో జంజ్ అనే బానిసల తిరుగుబాటుతో తల మునకలై ఉండగా 878లో సిరియానూ కలిపేసుకున్నాడు. అయినా స్వాతంత్ర్యం ప్రకటించలేదు. నాణేల మీద ఖలీఫా పేరు అలాగే ఉంచి, తన పేరూ చేర్చాడంతే. 884లో ఆయన చనిపోతే కొడుకు ఖుమారవైహ్ గద్దెనెక్కాడు. 905లో గానీ ఈజిప్టు మళ్లీ అబ్బాసీల చేతికి రాలేదు.