పాప ఖర్చు అమ్మ జీతం కిందే రాయాలా?

ప్రశ్న: మాది మహబూబ్‌నగర్. నాకు 32 ఏళ్లు. పోలేపల్లిలోని ఒక మందుల కంపెనీలో ఎనిమిదేళ్లుగా పనిచేస్తున్నాను. బేసిక్ 15 వేలు, చేతికి 21 వేలు. మావారు ప్రైవేటు స్కూల్లో టీచరు. జీతం 22 వేలు, పీఎఫ్ లేదు. ఏడాదిన్నర పాప ఉంది. క్రెష్‌కు 6,500, నా ప్రయాణానికి 2,000, పాలకు, డాక్టరుకు 3,000 అవుతున్నాయి. ఆయన క్యాలెండర్ కాగితం వెనుక లెక్క వేసి, 'నీ జీతంలో సగానికి పైగా పాపకే పోతోంది. మానేసి, పీఎఫ్‌లో ఉన్న 2,40,000 తీస్తే ప్లాటుకు బయానా ఇద్దాం' అంటున్నారు. మక్తల్‌లో ఉన్న అత్తయ్య పాపను తన దగ్గర వదలమంటున్నారు. నాకు మనసొప్పడం లేదు.

జవాబు: ముందు ఆ క్యాలెండర్ కాగితం మళ్లీ తీయండి. మీరు ఉద్యోగం మానేస్తే పాప పాలు తాగడం మానేస్తుందా? డాక్టరు ఫీజు వద్దంటాడా? ఆ 3,000 ఎలాగూ ఉంటాయి. మిగిలేవి క్రెష్, ప్రయాణం కలిపి 8,500. పోయేది మాత్రం 21 వేలే కాదు. పీఎఫ్ కింద మీ జీతంలో కోసే 1,800కు కంపెనీ మరో 1,800 కలుపుతోంది. అది చేతికి రాదు కాబట్టి ఆయన కాగితం మీదకు ఎక్కలేదు. అంటే 8,500 మిగుల్చుకోవడానికి నెలకు 24,600 వదులుకోవడం!

ఇంకో మాట. పాప ఇద్దరిదీ అయినప్పుడు క్రెష్ ఖర్చు మీ జీతం కిందే ఎందుకు రాశారు? సగం ఆయన జీతం కింద రాయమనండి. నవ్వుతూనే చెప్పండి, కానీ చెప్పండి.

ప్లాటు సంగతి. మీ ఇంట్లో వయసు మళ్లాక అక్కరకొచ్చేలా పడుతున్న పొదుపు మీ పీఎఫ్ ఒక్కటే. 2024-25లో దానిపై వడ్డీ 8.25 శాతం. వడ్డీ ఏటా మారవచ్చు. ఇలాగే ఉంటే, మీరు ఉద్యోగంలో కొనసాగితే, కొత్తగా కట్టే డబ్బును లెక్కలోకి తీసుకోకపోయినా ఈ 2,40,000 మీకు 58 ఏళ్లు వచ్చేసరికి 18 లక్షలు దాటుతుంది. బయానా ఇచ్చాక రిజిస్ట్రేషన్‌కు, వాయిదాలకు డబ్బు ఎక్కడిదని కూడా అడగండి. పైగా పీఎఫ్‌తోపాటే ఉండే ఉద్యోగుల పింఛను పథకంలో పదేళ్ల సర్వీసు నిండితేనే 58 ఏళ్ల నుంచి నెలనెలా పింఛను. 15 వేల మీద పదేళ్లకు లెక్కకట్టినా 2,100 పైన వస్తుంది. పెద్ద మొత్తం కాదు, నిజమే. కానీ మీకు ఇంకా రెండేళ్లే మిగిలాయి. ఈలోగా పాపకు మూడేళ్లు నిండుతాయి, అంగన్‌వాడీకి వెళ్లవచ్చు. క్రెష్ బరువు కొంతైనా తగ్గేది అప్పుడే.

మీ కంపెనీలో 50 మంది గానీ, అంతకంటే ఎక్కువ గానీ పనిచేస్తుంటే శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం చెప్పింది. తల్లి రోజుకు నాలుగు సార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చు. మీతోపాటు పనిచేసే తల్లులు నలుగురు కలిసి హెచ్‌ఆర్‌ను అడగండి. ఒక్కరే వెళితే 'చూద్దాం' అని పంపేస్తారు.

అత్తయ్య విషయంలో మీ మనసు చెప్పేదే వినండి. పాపను మక్తల్‌కు పంపే బదులు ఆవిడనే మహబూబ్‌నగర్‌కు రమ్మని అడిగి చూడండి. వస్తానంటే మాత్రం ఊరికే చాకిరీ చేయించుకోవద్దు. క్రెష్‌కు ఇచ్చే దాంట్లో సగమైనా ప్రతి నెలా ఆవిడ పేరున బ్యాంకులో వేయండి. ఇష్టం లేకపోతే బలవంతపెట్టవద్దు. ఈ రెండేళ్లూ క్రెష్‌నే సాగనివ్వండి.