పాత లారీల ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

పోయిన సంచికలో పాత లారీల గురించి వేసిన వ్యాసానికి బేతంచెర్ల నుంచి కదిరి దాకా ఉత్తరాలొచ్చాయి. రాసినవాళ్లలో కొందరు ఆ బండ్లను తలచుకుని మురిసిపోయారు. ఇంకొందరు వాటితోనే ఇప్పటికీ బాడుగలు తోలుతున్నారు. ఈ పేజీలు ముఖ్యంగా ఆ రెండో రకం వాళ్ల కోసం.

టాటా ఇంజిన్లను 692, 697 అంటారు కదా, ఆ అంకెలకు అర్థం ఏమిటి? 692 బ్లాకును బోరు కొట్టించి 697 పిస్టన్లు వేస్తే లాగుడు పెరుగుతుందని ఒక మెకానిక్ చెబుతున్నాడు. చేయించవచ్చా?
— ఒక పాఠకుడు, గుత్తి

మొదటి అంకె సిలిండర్ల లెక్క, ఆరు. మిగిలిన రెండంకెలు సిలిండరు వ్యాసం, మిల్లీమీటర్లలో. 692కు వ్యాసం 92 మిల్లీమీటర్లు, 697కు 97. మీ మెకానిక్ అక్కడితో ఆగిపోయాడు. పిస్టన్ కిందికీ పైకీ తిరిగే దూరం, అంటే స్ట్రోకు, 692లో 120 మిల్లీమీటర్లు, 697లో 128. అందుకే మొదటిది 4788 సీసీ, రెండోది 5675 సీసీ. స్ట్రోకు మారిందంటే క్రాంకు వేరే, దానికి తగ్గ బ్లాకూ వేరే. పిస్టన్లు ఒక్కటీ మారిస్తే 697 అయిపోదు. పైగా 92కు పోసిన బ్లాకును ఐదు మిల్లీమీటర్లు తొలిస్తే నీళ్లకూ సిలిండరుకూ మధ్య గోడ పలచబడుతుంది. వద్దు.

ఇంకో ఇద్దరు ఈ బండ్లను ‘టాటా బెంజి’ అని ఎందుకంటారని అడిగారు. టెల్కో (ఇప్పటి టాటా మోటార్స్) 1954లో జర్మనీ డైమ్లర్ బెంజ్‌తో కలిసి జంషెడ్‌పూర్‌లో లారీలు కట్టడం మొదలుపెట్టింది. ఆ ఒప్పందం 1969లో ముగిసింది. ముందు జాలీ మీద నక్షత్రం పోయింది గానీ జనం నోట్లో బెంజి పోలేదు.

692, 697లను తలచుకునేవాళ్లు లైనర్ల సంగతి చెబుతారు, అందులో న్యాయముంది. 697లో లైనరు, అంటే పిస్టన్ ఆడే సిలిండరు గొట్టం, అరిగితే దాన్ని నెట్టేసి కొత్తది దింపుకోవచ్చు. తర్వాత వచ్చిన కమిన్స్ 6బీటీలో (102 వ్యాసం, 120 స్ట్రోకు) లైనరే లేదు, పిస్టన్ నేరుగా బ్లాకులోనే ఆడుతుంది. అరిగితే మొదటిసారి అర మిల్లీమీటరు, రెండోసారి ఒక మిల్లీమీటరు ఓవర్‌సైజుకు బోరు కొట్టాలి. ఆ పైన స్లీవు వేయించుకోవలసిందే. సెకండ్ హ్యాండు కమిన్స్ కొనేవాళ్లు మైలేజీ కంటే ముందు ‘బోరు ఎన్నోది?’ అని అడగాలి.

టాపెట్ సెట్టింగుకు మార్కులు అరిగిపోయి కనబడటం లేదు. పుస్తకం కూడా లేదు. ఎలా చేయాలి?
— ధర్మవరం పాఠకుడు

టాపెట్ సెట్టింగంటే రాకరుకూ వాల్వుకూ మధ్య గ్యాపు సరిచేయడం. ఆరు సిలిండర్ల ఇంజిన్ అయితే మార్కు లేకపోయినా పని జరుగుతుంది. ఫైరింగ్ ఆర్డరు 1-5-3-6-2-4. దీన్ని రెండు ముక్కలు చేసి ఒకదాని కింద ఒకటి రాయండి: పైన 1-5-3, కింద 6-2-4. ఒకదాని కింద ఒకటి పడ్డవే జోడీలు: 1కి 6, 5కు 2, 3కు 4. జోడీలో ఒక సిలిండరుకు ఎగ్జాస్టు వాల్వు మూసుకుంటూ ఇన్‌లెట్ వాల్వు అప్పుడే తెరుచుకుంటూ రెండు రాకర్లూ ఊగుతుంటే, రెండో సిలిండరు కంప్రెషన్ మీద ఉన్నట్టు. దాని రెండు వాల్వులూ సెట్ చేయండి.

ఇంజిన్ చల్లగా ఉండగా కప్పు విప్పి, ఇంజిన్ తిరిగే దిక్కులోనే పుల్లీని తిప్పండి. ఆరోది ఊగుతుంటే ఒకటోది సెట్ చేయండి. మూడో వంతు చుట్టు తిప్పితే రెండోది ఊగుతుంది, ఐదోది చేయండి. ఇంకో మూడో వంతుకు నాలుగోది ఊగుతుంది, మూడోది చేయండి. అట్లా క్రాంకు రెండు చుట్లు తిరిగేసరికి ఆరూ అయిపోతాయి. ఫీలర్ గేజు గ్యాపులో నుంచి కొంచెం పట్టి పట్టి రావాలి. లాక్ నట్టు బిగించేటప్పుడు స్క్రూ కదిలి గ్యాపు మారుతుంది కాబట్టి బిగించాక మళ్లీ కొలవండి. చాలామంది తప్పేది ఇక్కడే.

గ్యాపు ఎంతన్నది ఇంజిన్‌ను బట్టి ఉంటుంది. కమిన్స్ 6బీటీకి చల్లగా ఉన్నప్పుడు ఇన్‌లెట్ 0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్టు 0.51. ఎగ్జాస్టు వాల్వు ఎక్కువ కాలి ఎక్కువ సాగుతుంది, అందుకే దానికి ఎక్కువ ఖాళీ. గ్యాపు మరీ పెరిగితే టకటక సద్దు. మరీ తగ్గితే సద్దేమీ ఉండదు, కానీ వాల్వు సీటు మీద సరిగ్గా కూర్చోక అంచు కాలిపోతుంది. సద్దు చేసే టాపెట్టుకు కంగారు పడనక్కరలేదు. బొత్తిగా సద్దు లేనిదాన్ని అనుమానించండి.

పొద్దున స్టార్టు చేయగానే రెండు నిమిషాలు తిరిగి ఆగిపోతుంది. ఎయిరు తీస్తే మళ్లీ నడుస్తుంది. రోజూ ఇదే తంతు. ఫీడ్ పంపు మార్చినా తగ్గలేదు. డీజిలు ఎక్కడా కారడం లేదు.
— లారీ యజమాని, యర్రగుంట్ల

మీ ఉత్తరంలో చివరి మాటలోనే జవాబుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు దాకా ఉన్న పైపు పీల్చుడు మీద పనిచేస్తుంది. అక్కడ చిల్లు పడితే డీజిలు బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. పంపు దాటిన తర్వాత ఒత్తిడి ఉంటుంది కాబట్టి అక్కడ చిల్లయితే తడి కనబడుతుంది. తడి లేకుండా గాలి వస్తోందంటే చూడవలసింది పంపు వెనక వైపు: ట్యాంకులోని పీల్చే గొట్టం, చాసిస్‌కు రాసుకుని అరిగిన పైపు, బాంజో బోల్టు (పైపును బిగించే, నడుమ చిల్లున్న బోల్టు) దగ్గర కాపర్ వాషర్లు, గిన్నె ఉన్న ఫిల్టరైతే దాని రబ్బరు రింగు. కాపర్ వాషరు ఒకసారి నలిగితే రెండోసారి సరిగ్గా కూర్చోదు, విప్పినప్పుడల్లా కొత్తది వేయండి.

ఏ ముక్కలో లోపమో తేల్చడానికి ఐదు లీటర్ల క్యాను చాలు. ఫీడ్ పంపుకు వచ్చే పైపు విప్పి, మంచి రబ్బరు పైపు ఒకటి తగిలించి, దాని కొసను శుభ్రమైన డీజిలు క్యానులో ముంచండి. ఎయిరు తీసి నడపండి. అరగంట ఆగకుండా తిరిగితే పంపు మంచిదే, రోగం ట్యాంకు లైనులో ఉంది. పంపు మార్చకముందే ఈ పరీక్ష చేసుంటే మీకు పంపు ఖర్చు తప్పేది.

ఎయిరు తీయడం కూడా వరసగా జరగాలి. ముందు ఫిల్టరు మీది బ్లీడింగ్ స్క్రూ వదులు చేసి హ్యాండ్ ప్రైమరు కొట్టండి. నురగ పోయి నిండు ధార వచ్చాక, ధార పడుతుండగానే స్క్రూ బిగించాలి. ధార ఆగాక బిగిస్తే కొంచెం గాలి మళ్లీ లోపలికి పోతుంది. తర్వాత ఇంజెక్షన్ పంపు మీది స్క్రూ దగ్గర కూడా ఇట్లాగే. అప్పటికీ అందుకోకపోతే నాజిళ్ల దగ్గర పైపు నట్లు రెండు మూడు వదులు చేసి సెల్ఫ్ కొట్టండి, డీజిలు చిమ్మగానే బిగించండి. సెల్ఫ్ ఒకసారికి పది పదిహేను సెకన్లు మించి పట్టుకోవద్దు, మధ్యలో ఒక నిమిషం చల్లారనివ్వండి. నడుస్తున్న ఇంజిన్‌లో నాజిల్ పైపు కారుతోందని చేత్తో తడమొద్దు. ఆ ఒత్తిడికి డీజిలు చర్మాన్ని చీల్చుకుని లోపలికి దిగుతుంది.

పాత లారీల బ్రేకులు ఇనుములాగా ఉండేవి. ఇప్పటి బండ్లే గువ్వలచెరువు ఘాట్లో బ్రేకు ఫెయిలై పల్టీ కొడుతున్నాయి. మీరేమంటారు?
— విశ్రాంత డ్రైవరు, కడప

పాత ఇంజిన్‌కు దండం పెడితే ఒప్పుకుంటాం, పాత బ్రేకుకు మాత్రం ఒప్పుకోం. పాతవాటిలో చాలా బండ్లకు గాలి సాయంతో నడిచే ఆయిలు బ్రేకు ఉండేది. డాట్ 3 ఆయిలు కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల దాకా మరగదు. గాలిలో తేమ పీల్చుకున్నాక 140 దగ్గరే మరగవచ్చు. ఘాట్లో డ్రమ్ము కాలితే ఆయిలు ఆవిరై పెడలు మెత్తగా నేలకు దిగిపోతుంది. పూర్తి గాలి బ్రేకులొచ్చాక కూడా స్ప్రింగు బ్రేకు (గాలి పోగానే స్ప్రింగు బలంతో పట్టే బ్రేకు) లేని బండి, గాలి పోతే ఆగదు. స్ప్రింగు బ్రేకున్న బండి గాలి పోతే కదలదు. ఈ ఒక్క మార్పు విలువ ఘాటు దిగేవాళ్లకే తెలుస్తుంది.

ఘాట్లో ‘బ్రేకు ఫెయిలయింది’ అంటే చాలాసార్లు ఫెయిలయింది బ్రేకు కాదు, దాని అడ్జస్ట్‌మెంటు. బ్రేకు లైనరు అరిగేకొద్దీ, గాలి ఛాంబరులోంచి వచ్చి బ్రేకును నెట్టే పుష్ రాడ్డు ఎక్కువ దూరం రావాలి. వేడికి డ్రమ్ము సాగి ఇంకా దూరం పెంచుతుంది. ఛాంబరులో ఉన్న దూరమంతా అయిపోయాక పెడలు ఎంత తొక్కినా బలం చక్రానికి చేరదు. చదునైన చోట, చల్లగా ఉన్నప్పుడు, చక్రాలకు ముందూ వెనకా చెక్కలు పెట్టి చూసుకోండి. గాలి ఆరేడు కిలోల దాకా నింపి ఇంజిన్ ఆపండి. హ్యాండ్ బ్రేకు వదిలి, ఛాంబరు మొహం దగ్గర పుష్ రాడ్డు మీద సుద్దతో గీత పెట్టండి. ఇంకొకరు పెడలు పూర్తిగా తొక్కితే ఆ గీత ఎంత బయటికొచ్చిందో కొలవండి. టైపు 30 ఛాంబరులో మొత్తం దూరమే రెండున్నర అంగుళాలు, రెండు అంగుళాలు దాటితే వెంటనే బిగించాలి. పుష్ రాడ్డును క్యాముకు కలిపే స్లాక్ అడ్జస్టరు లాకును స్పానరుతో లోపలికి నొక్కి, లైనర్లు డ్రమ్ముకు తగిలే దాకా తిప్పండి. తర్వాత పావు నుంచి అర చుట్టు వెనక్కి వదలండి. బ్రేకు తొక్కినప్పుడు ఎస్ క్యాము (లైనర్లను డ్రమ్ముకు నెట్టే ఎస్ ఆకారపు క్యాము) తిరిగే దిక్కులోనే ఇప్పుడూ తిరుగుతుంటే మీరు బిగిస్తున్నట్టు. ఒకే యాక్సిల్ మీద కుడి, ఎడమ ఒకే లెక్కలో ఉండాలి. లేకపోతే తొక్కినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుంది.

ఘాటు దిగేటప్పుడు ఎక్కడానికి వాడే గేరు, లేదా దానికంటే ఒకటి తక్కువ. గేరు దిగుడు మొదలుకాకముందే మార్చుకోవాలి. పెడలు మీద కాలు మెత్తగా ఆనించి కిందిదాకా రావడం చెడ్డ అలవాటు. ముప్ఫై దాటితే గట్టిగా తొక్కి ఇరవైకి దించి పూర్తిగా వదిలేయండి, మధ్యలో డ్రమ్ము కాస్త చల్లారుతుంది. డీజిలు మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలేవాళ్లకు ఎగ్జాస్టు బ్రేకు కూడా అందదు, గేరులో ఉంటేనే అది పట్టేది. ఇంజిన్ కూడా ఆపేస్తే కంప్రెసరు ఆగి, ట్యాంకులో ఉన్న గాలి తొక్కిన కొద్దీ అయిపోతుంది.

స్ప్రింగు బ్రేకు ఛాంబరు విప్పే పని ఊరి షెడ్డులో పెట్టుకోవద్దు. లోపలి స్ప్రింగు అణచిపెట్టిన పిడుగు. స్ప్రింగును అణచి పట్టే కేజింగ్ బోల్టు వేయకుండా విప్పితే మనిషి దక్కడు.

బండపరుపు లోడుకు కమాన్ కట్టలు నెలకొకసారి విరుగుతున్నాయి. ఒక పట్టా ఎక్కువ వేయిస్తే ఆగుతుందా?
— లారీ యజమాని, బేతంచెర్ల

కమాన్ కట్టంటే ఇనుప పట్టాలు పేర్చిన స్ప్రింగు. ముందు దాని మీద ఎంత బరువు వేస్తున్నారో చూడండి. నాపరాయి చదరపు అడుగు, అంగుళం మందం, సుమారు ఆరుంపావు కిలోలు. వెయ్యి అడుగులంటే ఆరుంపావు టన్నులు. మీ బండి తొమ్మిది టన్నులదైతే 1440 అడుగులకే నిండినట్టు. పాలిష్ పట్టని బండ మందం సరిగ్గా అంగుళం ఉండదు. పావు అంగుళం ఎక్కువైతే వెయ్యి అడుగులకు టన్నున్నర పెరుగుతుంది, బిల్లులో మాత్రం అవే వెయ్యి అడుగులు. అడుగుల లెక్క నమ్మకుండా కాటా వేయించండి.

ఇక విరిగిన చోటు చూడండి. పట్టా సరిగ్గా సెంటర్ బోల్టు రంధ్రం దగ్గర విరిగిందంటే నేరం యూ బోల్టులది. అవి వదులైతే కట్ట మధ్యలో ఆడుతుంది, బలమంతా రంధ్రం ఉన్న బలహీనమైన చోట పడుతుంది. సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ వెనక్కి జరిగి బండి అడ్డంగా నడుస్తుంది. కట్ట పని అయ్యాక యూ బోల్టులను ఎదురెదురుగా కొంచెం కొంచెంగా బిగించాలి. మొదటి లోడు దింపి వచ్చాక తప్పకుండా మళ్లీ బిగించాలి, కొత్త పట్టాల మధ్య ఖాళీ సర్దుకుని వదులవుతాయి. కొసల దగ్గర విరుగుతుంటే షాకిల్ పిన్నులు, బుష్షులు గ్రీజు లేక బిగుసుకున్నాయేమో చూడండి.

ఎక్కువ పట్టా వేస్తే కట్ట విరగడం తగ్గవచ్చు, కానీ కుదుపు చాసిస్‌కు పోయి అక్కడ పగులు మొదలవుతుంది. బ్రేకులూ టైర్లూ మాత్రం పాత బరువుకు చేసినవే. విరిగిన పట్టాకు వెల్డింగు అసలే వద్దు, ఆ వేడికి పట్టా పదును పోతుంది.

లాక్ రింగు ఉన్న 10.00-20 టైరుకు గాలి కొట్టేటప్పుడు రింగును సుత్తితో కొట్టి కూర్చోబెట్టవచ్చా?
— పంచరు షాపు, అనంతపురం

లాక్ రింగంటే టైరును డిస్కు మీద నిలబెట్టే ఇనుప రింగు, గాలి ఉండగా దానికి సుత్తి తగలకూడదు. విప్పేముందు వాల్వు పుల్ల తీసి గాలి పూర్తిగా వదలండి. జోడు టైర్లయితే నట్లు వదులు చేయకముందే రెండింటివీ వదలండి. రింగు గాడిలో తుప్పు గీకండి. వంగిన రింగు, పగిలిన రింగు పాత ఇనుముకే. కొంచెం గాలి పెట్టి రింగు చుట్టూ సమంగా కూర్చుందో లేదో చూడండి. కూర్చోకపోతే గాలంతా తీసి మళ్లీ మొదటి నుంచి. ఇనుప పంజరంలో పెట్టి, పొడుగు పైపుతో, రింగుకు ఎదురుగా కాకుండా పక్కన నిలబడి గాలి నింపండి. పంజరం లేని షాపు ఈ టైరు పట్టుకోకపోవడమే మేలు.

మూడో గేరు తనంతట తానే న్యూట్రల్‌కు వచ్చేస్తోంది.
— డ్రైవరు, ఆదోని

ముందు పైన లివరు కింది సెలెక్టరు రాడ్డు స్ప్రింగు, బాల్ చూడండి. చవకైన పని అదే. అవి బాగుంటే మూడో గేరు పళ్ల అంచులు గుండ్రంగా అరిగాయి, డబుల్ క్లచ్చు (గేరు మార్చేటప్పుడు క్లచ్చు రెండుసార్లు తొక్కడం) లేకుండా గరగరలాడిస్తూ వేసినందువల్ల. గేరూ, దానితో కలిసే స్లీవూ జతగా మార్చాలి. ఒక్కటే మారిస్తే ఆరు నెలల్లో పాతది కొత్తదాన్ని తినేస్తుంది.