స్లాబు చూసేవారు, కారకుండా పూసే మందు అమ్మేవారు ఒక్కరే అయితే నమ్మకండి

బరంపురంలో మీ స్లాబు కారుతోందని, చూడటానికి వచ్చినతను పది నిమిషాల్లోనే మొత్తం వాటర్‌ప్రూఫింగ్ (నీళ్ళు దిగకుండా పూత) చేయాలన్నాడని, నమ్మాలా వద్దా అని అడిగారు కదండీ. అప్పుడే అడ్వాన్స్ ఇవ్వకండి.

మాది పర్లాకిమిడి. 2018 తిత్లీ తుఫాను తర్వాత మా ఇంటికీ ఒకతను వచ్చి, మేడ ఎక్కకుండానే రేటు చెప్పాడు. పూత వేయించాం. మరుసటి వానకే మళ్ళీ చెమ్మ. చివరికి ఒక సివిల్ ఇంజినీరుకు ఫీజు ఇచ్చి చూపించాం. ఆయన పనులు చేయించరు, మందులు అమ్మరు. అందుకే ఆయన మాట మీద నమ్మకం కుదిరింది. సీలింగును చిన్న సుత్తితో తట్టి, డొల్ల శబ్దం వచ్చినచోటల్లా సుద్దతో గుర్తు పెట్టారు. పిట్టగోడ స్లాబుతో కలిసేచోట వెతికారు. మేడ మీద నీళ్ళు పోయే గొట్టం మూసి, రెండు అంగుళాల నీళ్ళు రోజంతా నిలబెట్టించారు. తీరా చూస్తే కారుతున్నది ఆ గొట్టం పక్కనే!

మీరూ అలాంటి ఇంజినీరుకే చూపించండి; ఫొటోలతో రాతపూర్వకంగా రిపోర్టు ఇస్తారా అని ముందే అడగండి. పూత వేసేవాళ్ళనైతే, వాళ్ళు పని చేసి రెండు వానాకాలాలు దాటిన ఇల్లు ఒకటి చూపించమని అడిగి, ఆ ఇంటివాళ్ళతో మీరే మాట్లాడండి.

ఒక్క మాట. గోపాల్‌పూర్ వైపు ఉప్పుగాలికి స్లాబులోని ఇనుప ఊచలు తుప్పు పట్టి, ఉబ్బి, పెచ్చులు ఊడతాయి. మీకూ ఊచలు బయటపడి ఉంటే, ఇంజినీరు సరేననేదాకా నీళ్ళు నిలబెట్టకండి, ఆ గదిలో పిల్లల్ని పడుకోబెట్టకండి.