కంది కాయకు రంధ్రం లేకుండానే గింజ ఎలా పాడవుతుంది?

కాయను ఆశించే పురుగులన్నీ ఒకే తీరున తినకపోవడమే దీనికి కారణం. శనగపచ్చ పురుగు తలను మాత్రమే కాయలోకి చొప్పించి, మిగిలిన శరీరాన్ని బయటే ఉంచి గింజలను తింటుంది కనుక గుండ్రటి రంధ్రం స్పష్టంగా కనిపిస్తుంది. మరుకా మచ్చల పురుగు మొగ్గలను, పూలను, లేత కాయలను దారాలతో కలిపి గూడు కట్టి ఆ చాటున తింటుంది; మందు దానికి సరిగా తగలనిది అందుకే.

అసలు మోసమంతా కాయ ఈగది. అది లేత కాయ గోడ లోపలి వైపున గుడ్లు పెడుతుంది. పిల్లపురుగు గింజ పైపొర కింద సొరంగం చేసుకుంటూ తిని, కోశస్థ దశకు (ఈగగా మారే ముందు కదలకుండా ఉండే దశకు) ముందు కాయ గోడను పలుచని పొర మాత్రం మిగిలేలా గీకి ఉంచుతుంది. ఈగ ఆ పొరను చీల్చుకుని బయటపడే వరకు కాయ పైకి ఆరోగ్యంగానే ఉంటుంది. రసం పీల్చే నల్లులు ఆశించినా గింజలు ముడుచుకుపోతాయి గానీ, ఒలిచి చూస్తే వాటిలో సొరంగాలుండవు.