డబ్బు మీరిచ్చారు సరే, కోడ్ ఎవరిది?

ప్రశ్న: హైదరాబాద్‌లో చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టాను. మొదట తీసుకున్న డెవలపర్‌ను సొంత తమ్ముడిలా చూసుకున్నాను. నెలకు 40 వేలు ఇచ్చాను, 5 శాతం వాటా ఇస్తానని నోటిమాటగా చెప్పాను. ఏడాదిన్నర చేసి వేరే కంపెనీలో చేరాడు, ఇప్పుడు కోడ్ తనదే అంటున్నాడు. కోడ్ దాచిన గిట్‌హబ్ (కోడ్ భద్రపరిచే వెబ్‌సైట్) ఖాతా కూడా అతనిదే. చివరి రెండు నెలల డబ్బు ఆపాను. పాత తేదీతో స్టాంపు పేపర్ మీద అపాయింట్‌మెంట్ లెటర్ రాయించి చీటింగ్ కేసు పెట్టమని స్నేహితుడు చెబుతున్నాడు. పెట్టొచ్చా?

జవాబు: తమ్ముడిలా చూసుకున్న సంగతి కోర్టుకు అక్కర్లేదు. అతను మీ ఉద్యోగా, కాంట్రాక్టు మీద పనిచేసిన బయటి మనిషా? మీ కేసంతా ఇక్కడే తేలుతుంది. మీరు పంపిన కాగితాల్లో ఫారం 16ఎ (జీతం కాని చెల్లింపుల మీద కోసిన పన్నుకు ఇచ్చే సర్టిఫికెట్) ఉంది, చూసుకున్నారా? సెక్షన్ 194జె కింద టీడీఎస్ కట్ చేశారు, అంటే ప్రొఫెషనల్ ఫీజు. జీతమైతే సెక్షన్ 192 కింద పోవాల్సింది. పీఎఫ్ లేదు, ఆఫర్ లెటర్ లేదు. అతను ఉద్యోగి కాదని మీ చేత్తో మీరే ఇన్‌కమ్ ట్యాక్స్ వాళ్లకు రాసిచ్చారు.

కాపీరైట్ చట్టం, 1957 ప్రకారం ఉద్యోగి డ్యూటీలో భాగంగా రాసిన ప్రోగ్రామ్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, యజమానే హక్కుదారు. బయటి మనిషి రాస్తే మాత్రం హక్కు అతనిదే, అతను సంతకం పెట్టి రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప డబ్బిచ్చినంత మాత్రాన మీకు రాదు. వాడుకోవడానికి అనుమతి ఉందని వాదించవచ్చు గానీ, రేపు ఇన్వెస్టర్ అడిగేది అనుమతి కాదు, యాజమాన్యం. టీ మిషన్‌ వారంటీ కార్డు జాగ్రత్తగా దాచుకునేవాళ్లు, ప్రోడక్టంతా రాసిన మనిషి దగ్గర ఒక్క సంతకం తీసుకోలేదు!

ఆ స్టాంపు పేపర్ జోలికి వెళ్లకండి. వెండర్ వేసిన నంబరు, అమ్మిన తేదీ, కొన్నవారి పేరు దాని మీదే ఉంటాయి, అవతలి లాయర్ రిజిస్టర్ తెప్పిస్తే ఫోర్జరీ కేసులో ముద్దాయి మీరే. పాస్‌వర్డ్ తెలుసు కదా అని అతని ఖాతాలోకి దూరారో, ఐటీ చట్టం సెక్షన్ 66, మూడేళ్ల దాకా జైలు.

"పేమెంట్ పడగానే రెపో ట్రాన్స్‌ఫర్ చేస్తా అన్నా" అని అతను పెట్టిన వాట్సాప్ మెసేజ్ ఒక్కటే మీకు పనికొచ్చేది (రెపో అంటే గిట్‌హబ్‌లో కోడంతా ఉన్న ఫోల్డర్). స్క్రీన్‌షాట్ చాలదు. ఆ ఫోన్ మార్చొద్దు, రీసెట్ చేయొద్దు, డిసప్పియరింగ్ మెసేజెస్ ఆన్‌లో ఉంటే ఇప్పుడే ఆపండి. కోర్టులో పెట్టాలంటే భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 సర్టిఫికెట్ హాష్ విలువతో (ఫైల్ మారలేదని చూపే డిజిటల్ వేలిముద్రలాంటి కోడ్) సహా కావాలి.

ఆపిన 80 వేలు ఊరుకుంటే మరుగున పడిపోతాయనుకోకండి, దావా వేయడానికి అతనికి మూడేళ్ల గడువుంది. ఆ బాకీతోనే బేరం కుదుర్చుకోండి. మొదటి రోజు నుంచి రాసిన కోడ్ మొత్తం కంపెనీకి బదిలీ అని డీడ్ రాయించండి. అందులో ప్రపంచమంతటికీ, కాపీరైట్ ఉన్నంతకాలం అని స్పష్టంగా ఉండాలి, లేకపోతే చట్టం లెక్కలో అది ఐదేళ్లకే, ఇండియాకే. 5 శాతం వాటా సంగతీ అందులోనే తేల్చేయండి. సంతకం, రెపో చేతికొచ్చాకే డబ్బు, అదీ బ్యాంకు ద్వారా. ఒప్పుకోకపోతే ఆ కోడ్ పక్కనపెట్టి కొత్తవాళ్లతో మొదటి నుంచి రాయించడమే కేసు కంటే చవక కావచ్చు. వాళ్ల దగ్గర మాత్రం రెపో యాక్సెస్ ఇవ్వకముందే సంతకం తీసుకోండి. మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదన్న షరతు పెట్టి మురిసిపోకండి, కాంట్రాక్టు చట్టం సెక్షన్ 27 ముందు అది నిలవదు.