రోజూ నడిపే పికప్‌కు సస్పెన్షన్ మార్పు: అప్పు చేయాలా, ఆగాలా?

ప్రశ్న: ఉద్యోగానికి రోజూ పికప్ ట్రక్కులోనే వెళ్తాను. రానూపోనూ 60 కిలోమీటర్లు. నెలకు ఒకటి రెండు సార్లు మాత్రమే వెనుక బరువు వేస్తాను. ఆరేళ్లలో బండి 96 వేల కిలోమీటర్లు తిరిగింది. ఖాళీగా ఉన్నప్పుడు వెనుక భాగం ఎగిరెగిరి పడుతోంది, బ్రేకు వేస్తే ముందు భాగం బాగా కిందికి దిగుతోంది. బండిని రెండంగుళాలు పైకి లేపే పూర్తి సస్పెన్షన్ కిట్ వేయించమని మెకానిక్ అంటున్నారు. దాని ఖరీదు నా నెల జీతానికి ఒకటిన్నర రెట్లు. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ వడ్డీతో 18 నెలల వాయిదాలు ఇస్తామంటున్నారు. నాలుగు షాక్ అబ్జార్బర్లు, బుష్‌లు (కీళ్ల దగ్గరి రబ్బరు తొడుగులు) మాత్రమే మార్చితే అందులో 30 శాతం అవుతుందట. అత్యవసరాలకని దాచిన డబ్బు రెండు నెలల ఖర్చులకు సరిపోతుంది. అప్పు తీసుకోవాలా, దాచిన డబ్బు వాడాలా?

జవాబు: డబ్బు ఎక్కడి నుంచి తేవాలన్నది మీ ప్రశ్న. అయితే ఆ డబ్బు దేనికి ఖర్చవుతుందో తేలకుండా దానికి జవాబు చెప్పడం సరికాదు కనుక, ముందుగా బండి సంగతే మాట్లాడుకుందాం. మీరు రాసిన లక్షణాలు రెండు. ఒకటి బండి స్వభావం నుంచి వచ్చేది, రెండోది అరుగుదల నుంచి వచ్చేది. మెకానిక్ రెండింటినీ కలిపి ఒకే మందు సూచించారు.

పికప్ వెనుక ఉండే కమాన్లను, అంటే పట్టీల స్ప్రింగులను, పూర్తి బరువును మోయడానికి లెక్క కట్టి తయారు చేస్తారు. స్ప్రింగు గట్టిదనం మారకుండా దానిపై ఉన్న బరువు సగానికి తగ్గితే, అది పైకీ కిందికీ ఊగే వేగం దాదాపు 1.4 రెట్లు పెరుగుతుంది. అందుకే నెలలో ఎక్కువ రోజులు ఖాళీగా తిరిగే పికప్‌లో వెనుక భాగం ప్రతి చిన్న గతుకుకూ దడదడలాడుతుంది. ఇది లోపం కాదు, బరువు మోయగలగడానికి మనం చెల్లించే మూల్యం. ఎంత ఖరీదైన కిట్ వేసినా ఆ మొదటి కుదుపు పూర్తిగా పోదు. గట్టి కమాన్లు ఉన్న కిట్ అయితే అది పెరుగుతుంది కూడా.

బ్రేకు వేసినప్పుడు ముందు భాగం దిగిపోవడం, ఒక గతుకు దాటాక బండి రెండు మూడు సార్లు ఊగడం మాత్రం షాక్ అబ్జార్బర్లు బలహీనపడ్డాయనడానికి గుర్తులు. షాక్ అబ్జార్బర్ లోపల పిస్టన్ సన్నని రంధ్రాల గుండా నూనెను తోస్తూ, స్ప్రింగు కదలికను వేడిగా మార్చి అణచివేస్తుంది. ఏళ్ల తరబడి ఆ పని చేశాక సీళ్లు అరుగుతాయి, నూనె చిక్కదనం తగ్గుతుంది, వాల్వులు వదులవుతాయి. 80 వేల కిలోమీటర్లు దాటిన బండిలో వీటిని పరీక్షించి, అవసరమైతే మార్చడం మామూలు నిర్వహణ కిందికే వస్తుంది. షాక్ ఒంటిపై నూనె తడి ఉందా, టైరు అంచుల వెంట చేత్తో తడిమితే ఎగుడుదిగుడుగా తగులుతోందా అని చూసి, అవి కనిపిస్తే ఆలస్యం చేయకండి. అలాంటి టైరు రోడ్డును సరిగా పట్టదు, పైగా ఇంకా ఎన్నో కిలోమీటర్లు నడవాల్సిన టైరు ముందే చెత్తకుప్పకు చేరుతుంది. ఆ నష్టం కూడా మీ జేబులోంచి పోయేదే.

పైసా ఖర్చు కాని పని ఒకటి దీనికంటే ముందుంది. టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి ఎంత ఉందో కొలిచి, డ్రైవరు తలుపు దగ్గరి స్టిక్కరుపై ఉన్న అంకెతో సరిచూడండి. చాలామంది టైరు పక్కగోడపై ముద్రించిన అంకెను చూసి గాలి కొట్టిస్తారు. అది ఆ టైరు తట్టుకోగల గరిష్ఠ పరిమితి మాత్రమే, మీ బండికి సూచించిన పీడనం కాదు. బరువు వేసిన రోజున ఎక్కువ గాలి కొట్టించి, దాన్ని తగ్గించడం మరచిపోతే ఖాళీ బండి రాయిలా మారుతుంది. సస్పెన్షన్ మార్చాలని అప్పు గురించి అడిగేవారికి నేను మొదట చెప్పేది ఈ మాటే, ఎందుకంటే వాళ్లు మార్చాలనుకున్నది ఒక్కోసారి ఈ గాలి దగ్గరే సగం చక్కబడుతుంది.

ఇప్పుడు కిట్ సంగతి. మీరు నాకు చెప్పింది దాని ధర మాత్రమే, ఖర్చు కాదు. బండిని రెండంగుళాలు లేపితే ముందు చక్రాల కోణాలు మారతాయి కనుక అలైన్‌మెంట్ తప్పనిసరి. బాల్ జాయింట్లు, డ్రైవ్ షాఫ్టుల కీళ్లు అలవాటు లేని కోణంలో పనిచేసి త్వరగా అరుగుతాయి. హెడ్‌లైట్ల వెలుగు ఎదుటివారి కళ్లలో పడకుండా మళ్లీ సర్దించాలి. గాలి నిరోధం పెరిగి ఇంధనం ఎక్కువ తాగుతుంది, అది రోజుకు 60 కిలోమీటర్ల చొప్పున ఆగకుండా సాగే ఖర్చు. గురుత్వ కేంద్రం పైకి వెళ్లి మలుపుల్లో బండి ఎక్కువ ఒరుగుతుంది. లేపిన బండికి పెద్ద టైర్లు వేయాలని ఎలాగూ అనిపిస్తుంది. టైరు వ్యాసం 5 శాతం పెరిగితే స్పీడోమీటరు 100 చూపినప్పుడు మీరు నిజానికి 105 వేగంతో వెళ్తుంటారు. బీమా సంస్థకు చెప్పకుండా ఇలాంటి మార్పు చేస్తే క్లెయిము సమయంలో చిక్కులు రావచ్చు కాబట్టి, ఏ మార్పైనా చేసే ముందు వారిని అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. అమ్మేటప్పుడు పెట్టిన డబ్బు తిరిగొస్తుందన్న ఆశ కూడా వద్దు. మార్పులు చేసిన బండి ఎలా నడిపారోనని కొనేవారు సందేహిస్తారే తప్ప అదనంగా చెల్లించడం అరుదు.

వాయిదాల లెక్క దగ్గర కాసేపు ఆగుదాం, మీ నిర్ణయం తేలవలసింది ఇక్కడే. కిట్ ధరను 100 అనుకుందాం. ఏడాదికి 12 శాతం ఫ్లాట్ అంటే 18 నెలలకు వడ్డీ 18, మొత్తం 118, నెలకు సుమారు 6.56. మీరు నెలనెలా అసలు తీరుస్తూ పోతున్నా, వడ్డీని మాత్రం మొదటి రోజు ఉన్న 100 మీదే చివరిదాకా వేస్తున్నారు. తగ్గుతున్న అసలుపై లెక్కిస్తే ఇది నెలకు దాదాపు 1.8 శాతం, అంటే ఏడాదికి 21 శాతం పైమాటే. షాక్‌లు, బుష్‌ల ఖర్చు ఇదే కొలతలో 30. మీరు కట్టబోయే 18 వడ్డీ ఒక్కటే ఆ మరమ్మతు ఖర్చులో 60 శాతానికి సమానం. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి ఈ బేరం కుదరదని నా గట్టి అభిప్రాయం.

కిట్ ధర మీ జీతానికి ఒకటిన్నర రెట్లు కనుక ఆ నెల వాయిదా మీ జీతంలో దాదాపు పదో వంతు అవుతుంది. వాయిదా కట్టగలనని మీకు నమ్మకం ఉందంటే ఆ పదో వంతును మీరు పక్కన పెట్టగలరన్న మాట. అలా పెడితే షాక్‌లు, బుష్‌ల ఖర్చు ఐదు నెలల్లోపే సమకూరుతుంది. మిగిలిన 13 నెలలూ అదే మొత్తాన్ని అత్యవసర నిధిలో వేస్తే, ఆ నిధి మరో నెల జీతానికి మించి పెరుగుతుంది. సాధారణంగా మూడు నుంచి ఆరు నెలల ఖర్చులకు సరిపడా నిధి ఉండాలి. మీ దగ్గర ఉన్నది రెండు నెలలకే, కాబట్టి కిట్ కోసం దాన్ని తాకవద్దు. షాక్ నూనె కారుతోందని పరీక్షలో తేలితే మాత్రం అది భద్రతకు సంబంధించిన అవసరం. అప్పుడు ఆ నిధి నుంచే తీసి వెంటనే మార్పించి, ఐదు నెలల్లో తిరిగి నింపండి. ఒకేసారి అంత తీయడం కష్టమనిపిస్తే మొదట ముందు జత, తర్వాత వెనుక జత మార్చవచ్చు. ఒకే ఇరుసుపై ఒకటి కొత్తది, ఒకటి పాతది మాత్రం ఉంచకండి.

ఏ రకం షాక్ కొనాలన్నదానికి మీ వాడకమే జవాబు చెబుతుంది. రెండు గొట్టాల షాక్ మెత్తగా ఉంటుంది, ధర తక్కువ. ఒకే గొట్టం ఉన్న గ్యాస్ షాక్‌లో నైట్రోజన్‌నూ నూనెనూ ఒక తేలే పిస్టన్ వేరు చేస్తుంది, గొట్టం గోడ నేరుగా గాలికి తగులుతుంది కాబట్టి వేడి త్వరగా పోతుంది, నూనె నురగ కట్టదు. ఈ రకాన్ని 1957లోనే బిల్‌స్టైన్ సంస్థ మెర్సిడెస్-బెంజ్ కార్లకు అందించింది, కనుక ఇది కొత్త ప్రయోగమేమీ కాదు. గతుకుల రోడ్లపై రోజూ తిరిగేవారికి ధర కొంచెం ఎక్కువైనా ఇది కొనదగిన వస్తువే. అసలు ఎత్తుకు సరిపోయే పొడవునే ఎంచుకోండి. పక్కన అదనపు నూనె డబ్బా ఉండే ఖరీదైన షాక్‌లు గంటల తరబడి కచ్చా దారుల్లో వేగంగా నడిపేవారి కోసం. వాటి సీళ్లను మళ్లీ మళ్లీ మార్పించే ఖర్చు మీకు అనవసరం.

బరువు వేసిన రోజుల్లో వెనుక భాగం మరీ దిగుతుంటే, కమాన్లకు తోడుగా గాలి నింపే సహాయక బెల్లోలు (రబ్బరు సంచులు) తర్వాత ఎప్పుడైనా పెట్టించుకోవచ్చు. ఖాళీ రోజుల్లో తయారీదారు చెప్పిన కనీస స్థాయికి గాలి తగ్గించవచ్చు కనుక మీ వాడకానికి ఇవి గట్టి కమాన్లకన్నా నప్పుతాయి. అయితే బండిని సమంగా నిలబెట్టడమే వీటి పని. తయారీదారు నిర్ణయించిన గరిష్ఠ బరువు పరిమితిని ఇవి ఒక్క కిలో కూడా పెంచవు.

మెకానిక్ దగ్గర విడిభాగాలు, కూలీ, అలైన్‌మెంట్ వేరువేరుగా రాసిన అంచనా తీసుకోండి. ముందు స్ట్రట్లు (స్ప్రింగూ షాకూ కలిసిన భాగాలు) విప్పినప్పుడే వాటిని పైన పట్టి ఉంచే మౌంటులు, బుష్‌లు కూడా మార్పిస్తే కూలీ ఒక్కసారే పడుతుంది. కొత్త షాక్‌లు మరో 80 వేల కిలోమీటర్లు వస్తాయనుకుంటే మీ తిరుగుడుకు అది దాదాపు ఐదేళ్లు. ఈసారి అయిన ఖర్చును 60 నెలలతో భాగించి, వచ్చిన మొత్తాన్ని తర్వాతి మార్పు కోసం ఇప్పుడు మార్చిన నెల నుంచే వేరే ఖాతాలో వేయడం మొదలుపెట్టండి.