కుటుంబం ఇంకా ఉంటున్న కోట చూడాలంటే షెవెర్నీ వెళ్లండి

పారిస్ నుంచి ఒక్కరోజులో, కారు లేకుండా, పెద్దవాళ్లతో వెళ్లగలిగే కోట, అదీ సొంతదారులు ఇంకా కాపురముంటున్నది కావాలన్నారు కదా. నా ఓటు ఫ్రాన్స్‌లోని షెవెర్నీ కోటకి. దగ్గర్లోని షాంబోర్ కోట పేరు పెద్దదే కానీ లోపల చాలా గదులు బోసిగా ఉంటాయి, నడక ఎక్కువ. అమ్మగారి మోకాళ్ల సంగతి చూసుకోండి.

ఒకరింట్లో దూరినట్టుంటుందేమో అన్న మీ మొహమాటం అక్కర్లేదు. సొంతదారులైన యురో వంశీకులు 1922లోనే జనానికి తలుపులు తెరిచారు. వాళ్లుండే భాగం వేరు, మనం తిరిగే గదులు వేరు. భోజనాల గదిలో గోడ చెక్కల మీద డాన్ కిహోటే అనే స్పానిష్ నవల కథ బొమ్మలు గీసి ఉంటాయి, తొందరపడకుండా ఒక్కొక్కటీ చూడండి. బయటి గోడల రాయి బుర్రే ఊరిది, ఏళ్లు గడిచేకొద్దీ ఇంకా తెల్లబడుతుందట! పిల్లలు టిన్‌టిన్ బొమ్మల కథలు చదివుంటే చటుక్కున గుర్తుపడతారు: అందులోని కెప్టెన్ హ్యాడాక్ భవంతికి మూలం ఇదే, అటూ ఇటూ చివరి భాగాలు తీసేసి గీశారంతే.

పారిస్ ఆస్టర్‌లిట్జ్ స్టేషన్ నుంచి బ్లువా ఊరి దాకా రైలు, సుమారు గంటన్నర. అక్కడి నుంచి కోటలకు తిప్పే బస్సు సీజన్‌లో మాత్రమే నడుస్తుంది, ట్రిప్పులూ తక్కువే. కాబట్టి ముందు తిరుగు బస్సు టైము చూసి, ఆ తర్వాతే రైలు టికెట్లు కొనండి. బస్సు లేని రోజైతే బ్లువాలో టాక్సీ మాట్లాడుకోండి, సుమారు పదిహేను కిలోమీటర్లే.

కోటలో వేటకుక్కలు సుమారు వంద ఉంటాయి. వాటికి తిండి పెట్టే వేళ వెబ్‌సైట్‌లో చూసుకోండి. నాన్నగారికి కుక్కలంటే భయమైతే కంచెకు కాస్త ఎడంగా నిలబెట్టండి, ఆ అరుపులు మామూలుగా ఉండవు.